మాంటిస్ కుంగ్‌ఫూలో బుంగ్‌బో ఫామ్ ఒక్కటే ఏడాదిన్నర అయింది, ఇండియా వెళ్ళేలోపు మిగతా ఫామ్స్ నేర్చేసుకోవాలా?

గొల్లభామ_కేఎల్ – ఆదివారం రాత్రి 10:52

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదలు. మాది రాజమండ్రి దగ్గర, ఉద్యోగం మీద కౌలాలంపూర్ వచ్చి మూడేళ్ళు కావస్తోంది. ఇక్కడ సెవెన్ స్టార్ ప్రేయింగ్ మాంటిస్ (గొల్లభామ పురుగు పేరున్న చైనా యుద్ధవిద్య) నేర్చుకుంటున్నాను, వారానికి రెండు క్లాసులు. మా సిఫుకి (గురువుగారికి) డెబ్భై దాటాయి. మొదటి ఎనిమిది నెలలు స్టాన్సులు (నిలబడే భంగిమలు), తాన్‌త్వే అనే తన్నుల వరసలు చేయించారు, తర్వాత బుంగ్‌బో అనే ఫామ్, అంటే వరసగా చేసే కదలికల కూర్పు, మొదలుపెట్టారు (మాండరిన్‌లో బెంగ్‌బు, మా సిఫు కాంటనీస్‌లోనే అంటారు). అది మొదలై ఏడాదిన్నర. ఫామ్ మొత్తం చేస్తే నిమిషం కూడా పట్టదు, కదలికలన్నీ మూడో నెలకే వచ్చేశాయి. అయినా ప్రతి క్లాసులో అదే. తర్వాతది ఎప్పుడు అని అడిగితే "ఇంకా కాదు" అంటారు, అంతే.

నా టెన్షన్ ఏంటంటే మార్చిలో కాంట్రాక్టు అయిపోతుంది, హైదరాబాద్ వచ్చేస్తాను, అక్కడ నాకు తెలిసి దగ్గర్లో మాంటిస్ నేర్పేవాళ్ళు ఎవరూ లేరు. కాబట్టి ఈ ఎనిమిది నెలల్లో కనీసం నాలుగైదు ఫామ్స్ అయినా నేర్చుకుని, వీడియో తీసుకుని వెళ్తే ఇంటి దగ్గర సాధన చేసుకోవచ్చు కదా అనిపిస్తోంది. సిఫుని గట్టిగా అడగాలా? అలా అడిగితే తప్పుగా అనుకుంటారా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

మేడమీద_సాధన – ఆదివారం రాత్రి 11:40

తమ్ముడూ, నేను హాంకాంగ్‌లో పనిచేసిన తొమ్మిదేళ్ళు సెవెన్ స్టార్ నేర్చుకున్నాను, ఇప్పుడు విశాఖలో మా మేడ మీద ఆరుగురికి నేర్పుతున్నాను. నీ సిఫు నిన్ను ఆపడం లేదు, నీకు ఇంకా ఇస్తూనే ఉన్నారు. అది నీకు తెలియాలంటే రేపు పొద్దున ఈ నాలుగు చేసి చూడు.

ఫామ్‌ని మధ్యలోంచి మొదలుపెట్టు, ఏదో ఒక కదలిక ఎంచుకుని అక్కడి నుంచి చివరికి వెళ్ళు. తర్వాత కుడివైపు చేసేదంతా ఎడమవైపు చెయ్యి. తర్వాత ఏ కదలికైనా తీసుకుని, ఎదుటివాడు ఏం చేస్తే నేను ఇది చేస్తున్నాను, నా చెయ్యి వాడి ఒంటి మీద ఎక్కడ పడుతోంది, అది పట్టుకోకపోతే నా తర్వాతి చెయ్యి ఏంటి అని నోటితో చెప్పు. చివరగా ఒక మనిషిని ఎదురుగా నిలబెట్టి, నిజంగా గుద్దమని చెప్పి, అదే కదలిక వాడి మీద చెయ్యి. నాలుగూ వచ్చాయంటే అప్పుడు తర్వాతి ఫామ్ లాన్‌జియె అడుగు. నేను మొదటిసారి ఈ పరీక్షకి నిలబడినప్పుడు రెండోదగ్గరే ఆగిపోయాను, అప్పటికి నాకు ఏడు ఫామ్స్ "వచ్చు".

బెంగ్‌బు పిల్లల ఫామ్ కాదని కూడా చెప్పాలి. ఉత్తర చైనా మాంటిస్‌లో సెవెన్ స్టార్, మేహువా, తైజీ మేహువా ఇలా ఏ శాఖకి వెళ్ళినా దాదాపు అందరి దగ్గరా అది ఉంటుంది, చిన్న చిన్న తేడాలతో. మొదట నేర్పుతారు, చివరిదాకా చేయిస్తారు. మాంటిస్ అంతా పన్నెండు మాటల మీద నడుస్తుంది: కొక్కెం వెయ్యి, లాక్కో, తెంపు, పైకి తగిలించు, ఎత్తుకుపో, చొచ్చుకుపో, కూల్చు, కొట్టు, అంటుకో, వదలకు, ఒరుసుకో, ఆనుకో. (నా తెలుగు ఇది, చైనీస్‌లో ఒక్కోటి ఒక్క అక్షరం.) ఈ పన్నెండింటిలో ఎన్ని బెంగ్‌బులో ఉన్నాయో, ఎక్కడెక్కడ ఉన్నాయో వెతుకు. నాకు దానికే రెండేళ్ళు పట్టింది.

వరంగల్_డోజో – సోమవారం ఉదయం 6:15

నేను కరాటే మాస్టర్‌ని, 22 ఏళ్ళుగా నేర్పుతున్నాను. ఎవరినీ నొప్పించాలని కాదు కానీ నా అభిప్రాయం చెబుతాను. ఏడాదిన్నర గాలిలో ఒకే ఫామ్ చేయించడం కన్నా ఆ సమయంలో స్పారింగ్ చేయిస్తే ఆ అబ్బాయికి ఎంతో ఉపయోగం. మా షోటోకాన్ కరాటేలో 26 కాటాలు (మీ ఫామ్స్ లాంటివే) ఉన్నాయి, మా దగ్గర పిల్లలు గ్రేడింగ్ కోసం అన్నీ బట్టీ పట్టేస్తారు, కప్పు కూడా తెస్తారు, కానీ నిజంగా ఒకడు కాలర్ పట్టుకుంటే వాళ్ళ ఒంట్లోంచి ఆ కాటా బయటికి రాదు. ఇది నేను కళ్ళారా చూసి చెబుతున్నాను, అందుకే మా డోజోలో కాటా సమయం సగానికి తగ్గించాను. ఫామ్ ఒకటైనా ఇరవై అయినా ఎదుటి మనిషి లేకపోతే అది కసరత్తే.

డాలస్_పద్మ – సోమవారం ఉదయం 8:02

మాస్టారూ, మీరు చెప్పినదాంట్లో బాధ నాకు అర్థమైంది కానీ తప్పు కాటాది కాదు కదండీ, బట్టీ పట్టించడంలో ఉంది.

నేను పదేళ్ళు కూచిపూడి నేర్చుకుని, పెళ్ళయ్యాక ఇక్కడికొచ్చి ముప్పై నాలుగో ఏట మాంటిస్‌లో చేరాను. మా కూచిపూడి గురువుగారు అడవులు (నాట్యంలో మొదట నేర్పే అడుగులు) రెండేళ్ళు చేయించారు, ఐటమ్ ఇవ్వలేదు. పక్క ఇన్‌స్టిట్యూట్‌లో ఆరు నెలలకే స్టేజీ ఎక్కించేవాళ్ళు, మా అమ్మ రోజూ అదే పోలిక తెచ్చేది. కానీ అడవులు కుదిరాక ఐటమ్ నేర్చుకోవడానికి నాకు వారాలు చాలేవి. మాంటిస్‌లో తేడా ఏంటంటే అడవులు విడిగా లేవు, అవి ఫామ్ లోపలే ఉన్నాయి, వాటిని విడదీసి చేయించాల్సింది గురువే. విడదీసి ఇవ్వకుండా ఫామ్ మొత్తం ఒకేసారి ఇచ్చేస్తే మీరు చెప్పిన గతే పడుతుంది.

ఇప్పుడు మా సిఫు నాకు శనివారం పిల్లల క్లాసు అప్పగించారు, ఎనిమిది నుంచి పదకొండేళ్ళవాళ్ళు. నేర్పడం మొదలుపెట్టాకే నాకు ఎంత తెలియదో తెలిసింది. పిల్లలకి ఎదురుగా నిలబడి చేస్తే అద్దంలోలాగా తిప్పి చేస్తారు, వీపు పెట్టి చేస్తే నా చేతులు వాళ్ళకి కనపడవు. ఇప్పుడు వాళ్ళ మధ్యలో నిలబడి చేస్తున్నాను, తిరిగినప్పుడు ముందు వరస వెనక వరస అవుతుంది కాబట్టి రెండు వైపులా ఒక్కో పెద్ద పిల్లని పెడతాను. రోజుకి మూడు కదలికలు, అంతకు మించి ఇవ్వను. కొక్కెం చెయ్యి పెట్టమంటే అందరూ వేళ్ళు ముడుచుకుని మిడతలాగా ముద్దుగా నిలబడతారు, చేతిలో పట్టు ఉండదు. అందుకే తువ్వాలు మెలిపెట్టి ఒకరు పట్టుకుంటారు, ఇంకొకరు దాన్ని కొక్కెంతో లాగాలి. మణికట్టు వంపు ఎందుకో అప్పుడు వాళ్ళ చేతికే తెలుస్తుంది, నేను చెప్పక్కర్లేదు.

శ్రీకాకుళం_కుర్రోడు – సోమవారం ఉదయం 9:30

గొల్లభామ అంటే మా వైపు ఆకుపచ్చ మిడతని అంటారు. మీ వైపు మాంటిస్‌ని అంటారా? 🙂 ఇంకో ప్రశ్న, సదరన్ మాంటిస్ అని వీడియోల్లో చూస్తుంటాను, అదీ ఇదీ ఒకటేనా?

పాత_కాగితాలు – సోమవారం మధ్యాహ్నం 1:20

మా ఊళ్ళో ముందు కాళ్ళు జోడించి నిలబడే పురుగునే గొల్లభామ అంటాం, ఊరూరికీ మారుతుందేమో.

సదరన్ మాంటిస్ వేరు తమ్ముడూ. అది దక్షిణ చైనాలో హక్కా అనే జనసమూహం వాళ్ళది, చౌగార్, చూగార్ అని శాఖలు, దగ్గర దూరంలో చిన్న శక్తితో కొట్టే పద్ధతి. ఇక్కడ మాట్లాడుతున్నది ఉత్తరాన షాన్‌డాంగ్ రాష్ట్రంలో పుట్టినది. పేరు ఒకటే, వంశం వేరు.

అసలు ప్రశ్నకి వస్తాను. "ఎన్ని ఫామ్స్" అనే లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకుంటే గొల్లభామ_కేఎల్ గారి టెన్షన్ కొంచెం తగ్గుతుంది. మాంటిస్‌ని వాంగ్ లాంగ్ కనిపెట్టాడని, గొల్లభామ ఈలపురుగుని పట్టడం చూసి చేతులు, కోతిని చూసి అడుగులు తీసుకున్నాడని కథ. అతని కాలం ఒకరు సోంగ్ రాజవంశం అంటారు, ఇంకొకరు మింగ్ రాజవంశం చివర అంటారు, దాన్ని కథగానే ఉంచుదాం. గట్టి నేల మీద నిలబడాలంటే 19వ శతాబ్దానికి రావాలి. హైయాంగ్ ప్రాంతపు లియాంగ్ షుయెషియాంగ్ కాలంలో, ఆయన శిష్యపరంపరలో ముఖ్యంగా చెప్పుకునేవి బెంగ్‌బు, ల్వాన్‌జియె (పైన లాన్‌జియె అన్నది ఇదే), బాజౌ. అంటే వేళ్ళ మీద లెక్కపెట్టేన్నే. బాజౌ అంటే ఎనిమిది మోచేతులు. తర్వాత జాయ్‌యావ్ అని ఇంకోటి, ఆ పేరుకి అర్థమే "సారం ఏరినది", దాంట్లో భాగాలు ఉంటాయి.

మరి సెవెన్ స్టార్‌లో అన్ని ఫామ్స్ ఎలా వచ్చాయి? యాన్‌తాయ్‌లో ఫాన్ షుడాంగ్ దగ్గర నేర్చుకున్న లువో గ్వాంగ్‌యూ 1919లో షాంఘై జింగ్‌వు సంఘంలో మాంటిస్ నేర్పడానికి వెళ్ళారు. జింగ్‌వు 1910లో మొదలైంది, అది గురువు ఇంటి పెరడు కాదు, ఉద్యోగులు, విద్యార్థులు వరసల్లో నిలబడి నేర్చుకునే చోటు. అక్కడ శైలి ఏదైనా ముందు అందరూ కొన్ని ఉమ్మడి ఫామ్స్ చెయ్యాలి, తాన్‌త్వే వాటిలో ఒకటి. కౌలాలంపూర్‌లో మీరు ఎనిమిది నెలలు చేసిన తాన్‌త్వే మాంటిస్‌ది కాదండీ, ఆ షాంఘై హాలు నుంచి వచ్చింది! కౌలాలంపూర్‌లోని జింగ్‌వు శాఖ, సెలంగోర్ చిన్‌వూ, 1921లో మొదలైంది కాబట్టి మీ ఊరికీ ఆ చరిత్రకీ నేరుగా సంబంధం ఉంది. లువో తర్వాత హాంకాంగ్‌లో నేర్పారు, 1944లో చనిపోయారు. ఆయన శిష్యుడు వాంగ్ హాన్‌ఫన్ ఒక్కో ఫామ్‌కీ ఫోటోలతో పుస్తకాలు వేశారు. దానివల్ల ఎంతో మిగిలింది, ఆయనకి మనమంతా రుణపడి ఉన్నాం. కానీ నలభై మంది ఉన్న హాల్లో అందరికీ ఒకేసారి ఇవ్వగలిగింది ఫామ్ ఆకారమే. చెయ్యి చెయ్యి కలిపి ఇచ్చేది అలా ఇవ్వలేరు. నా ఉద్దేశంలో ఫామ్స్ పెరగడానికి ఇది పెద్ద కారణం.

వీడియో గురించి కూడా ఒక మాట. 1983 నుంచి 86 వరకు చైనాలో ప్రభుత్వమే సంప్రదాయ వుషు (చైనా యుద్ధవిద్యలు) మీద పెద్ద సర్వే చేయించింది, 129 శైలులు తేల్చారు, డెబ్భై దాటిన పెద్దలని కూర్చోబెట్టి వందల గంటల వీడియో తీశారు. అది జరగకపోతే ఎన్నో పోయేవి. అయినా ఆ వీడియోలు చూసి ఒక్కరు కూడా గురువు లేకుండా ఆ శైలిని నిలబెట్టారని నేను వినలేదు. తీసుకోండి, తప్పకుండా తీసుకోండి, సిఫు ఒప్పుకుంటేనే. కానీ ఇప్పటికే ఒంట్లో ఉన్న ఫామ్‌కి వీడియో జ్ఞాపకం, ఒంట్లో లేనిదానికి బొమ్మ.

పదకొండు_ఫామ్స్ – సోమవారం రాత్రి 9:05

ఈ థ్రెడ్ చదివి మధ్యాహ్నం నుంచి మనసు బాగాలేదు, అందుకే రాస్తున్నాను. బ్రో, నువ్వు చెయ్యాలనుకుంటున్నది నేను చేశాను.

వేరే దేశంలో చదువుకునేటప్పుడు ఒక చోట చేరాను, పేరు వద్దు. అక్కడ ఫామ్‌కి ఇంత అని ఫీజు. రెండేళ్ళలో పదకొండు ఫామ్స్ తీసుకున్నాను, పార్ట్‌టైమ్ డబ్బులన్నీ దానికే పోయేవి. ప్రతిదీ మూడు క్లాసుల్లో పూర్తి, నాలుగో క్లాసులో వీడియో, సర్టిఫికెట్. ఎందుకు అనే ప్రశ్నకి "సాధన చేస్తే నీకే తెలుస్తుంది" అనేవారు. విజయవాడ వచ్చాక ఏడాది పాటు రోజూ పదకొండూ చేసేవాణ్ణి. తర్వాత వారానికోసారి. తర్వాత ఒకరోజు లాన్‌జియెలో మొదలై ఇంకేదో ఫామ్‌లో తేలాను, ఎక్కడ కలిసిపోయాయో కూడా తెలియలేదు. వీడియో చూస్తే అందులో నేనే ఉన్నాను, కానీ ఆ చెయ్యి ఎందుకు అలా తిప్పానో నాకే తెలియదు. ఇప్పుడు బెంగ్‌బు ఒక్కటే ఉంచుకున్నాను, మిగతావి వదిలేశాను. మా మేనల్లుడు నేర్పమని అడిగితే నేర్పడానికి ధైర్యం చాలడం లేదు, వాడికి నేను ఇచ్చేది కూడా ఖాళీ డబ్బాయే అవుతుందని భయం.

డాలస్_పద్మ – సోమవారం రాత్రి 9:48

అయ్యో అన్నయ్యా. బెంగ్‌బు మిగిలింది కదా. మీ మేనల్లుడిని ఎదురుగా నిలబెట్టుకుని మీరే వెతకండి, నేర్పుతున్నాను అనుకోకుండా ఇద్దరం కలిసి చూద్దాం అని మొదలుపెట్టండి. నా శనివారం పిల్లల దగ్గర నేను సగం అలాగే నేర్చుకున్నాను.

గొల్లభామ_కేఎల్ – మంగళవారం రాత్రి 11:10

అందరికీ చాలా థాంక్స్. మేడమీద అన్నా, పొద్దున పార్కులో మీరు చెప్పినవి చేశాను. మధ్యలోంచి మొదలుపెడితే మూడు కదలికల తర్వాత మెదడు ఆగిపోయింది, మళ్ళీ మొదటికి వెళ్ళి రావాల్సి వచ్చింది. ఎడమవైపు అయితే కాళ్ళు ముడిపడ్డాయి. నోటితో చెప్పడం మొదటి నాలుగు కదలికలకే వచ్చింది. మూడో నెలకే వచ్చేసిందని రాశాను కదా, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఒక సందేహం. కొక్కెం, లాగడం, తెంపడం మూడూ వరసగా వస్తాయి కదా, ఫామ్‌లో ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి చేస్తాను. ఫ్రెండ్ మీద ట్రై చేస్తే నేను రెండు అనేసరికి వాడి రెండో చెయ్యి నా మొహం మీద ఉంది. ఎక్కడ తప్పు చేస్తున్నాను?

మేడమీద_సాధన – బుధవారం ఉదయం 5:50

మంచి ప్రశ్న అడిగావు తమ్ముడూ, దీనికి కొంచెం పెద్దగా రాస్తాను.

వాడు కుడి చేత్తో గుద్దాడనుకో. నీ కుడి చెయ్యి బయటి వైపు నుంచి వాడి మణికట్టుకి కొక్కెం తగిలిస్తుంది. అది పట్టు కాదు, దారి మళ్ళించడమే. చాలామంది వేళ్ళు అందంగా పెట్టడం మీద ధ్యాస పెడతారు, పని జరిగేది మణికట్టు వంపులో, చిటికెన వేలు, ఉంగరం వేలు వైపు. వెంటనే నీ ఎడమ చెయ్యి వాడి మోచేతి పైన పడి లోపలికి లాగుతుంది. అప్పుడు నీ కుడి చెయ్యి వాడి మణికట్టుని పట్టి కిందికి తెంపుతుంది, కొమ్మ మీద జామకాయ కోసినట్టు, ఒక్క కుదుపు. ఎడమ చెయ్యి అప్పటికే ఖాళీ, అది వెళ్ళి మొహం మీద పడుతుంది.

నువ్వు చేస్తున్న తప్పు రెండు చోట్ల ఉండొచ్చు. ఒకటి లెక్క. ఫామ్‌లో మూడు అంకెలు నేర్పడానికి పెట్టినవి, వాడేటప్పుడు అది ఒకటిన్నర. మొదటి చెయ్యి తగిలే లోపే రెండో చెయ్యి బయల్దేరి ఉండాలి. రెండోది ఎక్కువమందిది, కాళ్ళు. చేతులు మూడు పనులు చేస్తుంటే కాళ్ళు నిలబడి చూస్తుంటాయి. సెవెన్ స్టార్ స్టాన్స్‌లో ముందు కాలి మడమ నేల మీద, వేళ్ళు పైకి, బరువు వెనక కాలి మీద ఉంటుంది కదా, ఫోటో కోసం కాదు అది. తెంపేటప్పుడు నీ ముందు కాలు వాడి మడమ వెనక్కి చేరాలి, నీ మోకాలి కింది భాగం వాడి కాలిని నొక్కాలి. అప్పుడు వాడి బరువు ముందుకి పడుతుంది, కాలు కదలదు, రెండో చెయ్యి విసరడానికి నడుము తిరగదు. నీ మొహం మీదికి వచ్చిన ఆ చెయ్యి అందుకే వచ్చింది, వాడి నడుముని నువ్వు స్వేచ్ఛగా వదిలేశావు. లాగేది కూడా భుజంతో కాదు, నడుము తిప్పు.

మొదటి నెల నిదానంగా, వాడు ఒకే చేత్తో. రెండో నెల రెండు చేతులతో. మూడో నెల ఎప్పుడు గుద్దుతాడో చెప్పకుండా. దీన్ని విడగొట్టడం అంటారు మా దగ్గర, ఒక్కో ఫామ్‌కీ చేస్తాం. నా దగ్గర ఆరుగురిలో నలుగురికి మూడేళ్ళు దాటినా రెండే ఫామ్స్. వీళ్ళు కాక ఇంకో ఇద్దరు మానేశారు కూడా, ఏమీ నేర్పడం లేదని. వాళ్ళని తప్పుపట్టను, వాళ్ళకి ఎందుకో ముందే సరిగా చెప్పలేకపోయాను, అది నా లోపం.

వరంగల్_డోజో – బుధవారం ఉదయం 7:25

మేడమీద గారూ, ఇలా నేర్పితే నాకు అభ్యంతరం లేదండీ. మా షోటోకాన్ మూలపురుషుడు ఫునకోషి గిచిన్ గారు కూడా మూడు నైహాంచి కాటాల మీదే పదేళ్ళు గడిపారు, ఆ సంగతి తెలిసి కూడా నేను మా పిల్లలకి మూడు నెలలకో కాటా ఇస్తున్నాను, గ్రేడింగ్ ఆపితే తల్లిదండ్రులు పంపరు కాబట్టి. ఇది రాస్తుంటే నాకే కష్టంగా ఉంది.

కానీ ఒక విషయంలో నా మాట మార్చుకోను. మీ మూడో నెల తర్వాత నాలుగో నెల ఉండాలి. హెల్మెట్, గ్లోవ్స్ వేసుకుని, అవతలివాడు మాంటిస్ రానివాడై ఉండాలి. మీ విద్యార్థి మీ విద్యార్థితోనే చేస్తే ఇద్దరికీ ఒకే లయ అలవాటైపోతుంది, బయటివాడు ఆ లయలో గుద్దడు.

మేడమీద_సాధన – బుధవారం ఉదయం 8:10

ఒప్పుకుంటున్నాను మాస్టారూ. గ్లోవ్స్ వేస్తే కొక్కెం పడదు, అందుకే మేము వేళ్ళు తెరిచి ఉండే గ్లోవ్స్ వాడతాం. బయటివాళ్ళతో చేయించడం మాత్రం మేము తక్కువే చేశాం. మీరు విశాఖ వైపు వస్తే మీ పిల్లలని మా మేడకి తీసుకురండి.

పదకొండు_ఫామ్స్ – బుధవారం మధ్యాహ్నం 2:15

ఆ కాలు సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. నా బెంగ్‌బులో ఆ స్టాన్స్ ఉంది, వేళ్ళు పైకెత్తి రోజూ నిలబడతాను. సాయంత్రం మేనల్లుడిని పిలుస్తున్నాను.

శ్రీకాకుళం_కుర్రోడు – బుధవారం సాయంత్రం 6:30

అన్నా, ఒక్కో వీడియోలో బెంగ్‌బు ఒక్కోలా ఉంటోంది, ఏది కరెక్ట్?

పాత_కాగితాలు – బుధవారం రాత్రి 8:45

నీ గురువు చెప్పిన కారణంతో సహా ఇచ్చినది నీకు కరెక్ట్. తేడాలు శాఖల వల్ల కొన్ని, ఒక గురువు వయసులో ఉన్నప్పుడు ఒకలా, ముసలితనంలో ఒకలా నేర్పడం వల్ల కొన్ని. ఒకే గురువు ఇద్దరు శిష్యుల మధ్యే తేడాలుంటాయి. రెండు రకాలనీ కలిపి నువ్వే మూడోది తయారు చెయ్యకు, అదొక్కటే జాగ్రత్త.

గొల్లభామ_కేఎల్ – శనివారం రాత్రి 11:35

ఇవాళ క్లాసు అయ్యాక సిఫు దగ్గర కూర్చుని, మార్చిలో వెళ్ళిపోతున్నానని చెప్పాను. ఫామ్స్ అడగలేదు. హైదరాబాద్ వెళ్ళాక బుంగ్‌బో పోకుండా ఉండాలంటే ఏం చెయ్యాలి అని అడిగాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు, టీ పోసి ఇచ్చారు. తర్వాత లోపలికి వెళ్ళి పాత నోట్‌బుక్ తెచ్చారు, ఆయన గురువుగారి చేతిరాతట, బుంగ్‌బో కదలికల పేర్లు వరసగా చైనీస్‌లో ఉన్నాయి. ఫోటో తీసుకోనా అంటే వద్దన్నారు, చేత్తో రాసుకోమన్నారు. నాకు చైనీస్ రాదు, బొమ్మ గీసినట్టు ఒక్కో అక్షరం గీశాను. ఒక్కో పేరు దగ్గర ఆగి, లేచి నిలబడి, నా చెయ్యి పట్టుకుని ఆ పేరు ఎందుకు వచ్చిందో చూపించారు. రెండు గంటల్లో పదకొండు పేర్లు అయ్యాయి. మిగతావి వచ్చే వారాల్లో చేద్దామన్నారు, ఇంకా మంగళవారం నుంచి ఇద్దరం ఎదురెదురుగా చేసేది మొదలుపెడతామన్నారు.

హైదరాబాద్‌లో మా బాబాయి కొడుకు ఉన్నాడు, కబడ్డీ ఆడతాడు, పార్టనర్‌గా ఉంటానన్నాడు. వాడికి నేర్పవచ్చా అని కూడా సిఫుని అడిగాను. "బుంగ్‌బో వరకు" అన్నారు.

ఒకటే అడగాలి. ఇవాళ ఆయన కొక్కేలకి నా ముంజేతులు రెండూ కమిలిపోయాయి, సోమవారానికి ఆఫీసులో టైప్ చెయ్యగలనో లేదో. మీరేం రాస్తారు?

మేడమీద_సాధన – ఆదివారం ఉదయం 6:05

మీ సిఫు దగ్గర దిట్‌దా జావ్ ఉంటుంది, సారాలో మూలికలు నానబెట్టి చేసిన, దెబ్బలకి పైన రాసే మందు, అడుగు, ఇస్తారు. చర్మం చిట్లిన చోట రాయకు, తాగేది కాదు, ఇంట్లో పిల్లలకి అందకుండా పెట్టు. అప్పటిదాకా చల్లటి గుడ్డ కట్టు. ఇంకో సంగతి, ఆ పదకొండు పేర్లూ పక్కన తెలుగులో కూడా ఆయన చెప్పిన కారణం ఇవాళే రాసి పెట్టుకో, రేపటికి సగం మర్చిపోతావు.